డాలస్ నల్లరేగడిలో పాత పూల్: ఏ మరమ్మతు మనం చేసుకోవాలి, దేనికి మనిషిని పిలవాలి

ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ వైపు ఇల్లు కొంటున్న తెలుగువాళ్ళలో చాలామందికి ఇంటితోపాటు పెరట్లో పాతికేళ్ళ నాటి పూల్ కూడా వస్తుంది. దాన్ని ఎలా నడపాలో చెప్పేవాళ్ళు దొరుకుతారు గాని, చెడిపోయినప్పుడు ఏ పనికి మనమే చెయ్యి పెట్టవచ్చో, ఏ పనికి డబ్బు పెట్టి తీరాలో లెక్కలతో చెప్పేవాళ్ళు తక్కువ. మా పూల్ మరమ్మతును మొదటి నుంచి కొలతలతో, ఖర్చులతో రాసి పెట్టడానికి కారణం అదే.

ప్రతి పని ముందూ నేను రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఈ పని సరిగా కుదరకపోతే ఆ సంగతి నా కంటికి కనబడుతుందా? కనబడితే, పెద్ద నష్టం లేకుండా దాన్ని విప్పి మళ్ళీ చేసుకోగలనా? రెండింటికీ అవునని జవాబు వస్తేనే ఆ పని నేను చేశాను. పని కష్టమా సులువా, ఖరీదా చవకా అన్నవి ఆ తరువాతి సంగతులు. కరెంటు తీగ కలపడం చాలా సులువైన పని. కాని తప్పు కలిపితే నీటిలో దిగినవాళ్ళకు గాని తెలియదు.

ముందుగా కావలసిన కొలతలు

మాది కాంక్రీటు పూల్, లోపల తెల్ల ప్లాస్టర్. పొడవు 30 అడుగులు, వెడల్పు 15 అడుగులు, లోతు ఒక చివర 3.5, మరో చివర 6.5, సగటున 5 అడుగులు. ఘనపుటడుగుకు 7.48 గ్యాలన్ల చొప్పున సుమారు 16,800 గ్యాలన్లు. ఒక అంగుళం నీరు తగ్గితే 280 గ్యాలన్లు పోయినట్టు. ఈ చివరి అంకె ప్రతి ఇంటివాళ్ళూ తమ పూల్‌కు కట్టి ఉంచుకోవాలి. లీకు గురించి ఎవరితో మాట్లాడినా అదే ఆధారం.

మొదటి దశ: నీటిలో దిగక ముందు

అడుగున నీటిని పీల్చే డ్రెయిన్ మూతకు రెండు మరలుండాలి. మాదానికి ఒకటే ఉంది. మూత మీద అచ్చు వేసిన అక్షరాలలో అది ఎన్నేళ్ళు పనికివస్తుందో కూడా రాసి ఉంటుంది. మాది ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ళ పాప ఇలాంటి డ్రెయిన్ పీల్పుకు చిక్కి చనిపోయింది. ఆమె పేరుతోనే 2007లో అమెరికాలో చట్టం వచ్చింది, మూతలకు ప్రమాణాలు ఏర్పడ్డాయి. మూత మారేదాకా పిల్లలనే కాదు, పెద్దలను కూడా పూల్‌లోకి దిగనివ్వలేదు. ఆరున్నర అడుగుల లోతులో ఊపిరి బిగబట్టి మరలు తిప్పే పనికి మనిషిని పిలిచాం.

రెండవది కరెంటు. మోటారు గుల్లకు తీగ బిగించే రాగి లగ్ ఉంది గాని దానికి తీగ లేదు. తెగిన ఎనిమిదో గేజి రాగి తీగ కొస ఒకటి పక్కనే నేలలోంచి నాలుగు అంగుళాలు పైకి వచ్చి, చిలుము పట్టి పచ్చగా ఉంది. అది బాండింగ్ తీగ. మనకు తెలిసిన ఎర్తింగ్ వేరు, ఇది వేరు. మోటారు, నిచ్చెన, లైటు గుల్ల, కాంక్రీటులోని ఇనుప చువ్వలు అన్నింటినీ ఒకే తీగతో కలిపి ఒకే వోల్టేజి దగ్గర ఉంచడం దీని పని. అప్పుడు తడి చేత్తో రెండు లోహాలను తాకిన మనిషి గుండా కరెంటు పారదు. ఈ తీగ తెగినా పూల్ ఎప్పటిలాగే నడుస్తుంది, నీరు తేటగానే ఉంటుంది, బ్రేకర్ పడదు. నా మొదటి ప్రశ్నకు ఇక్కడ జవాబు కాదనే. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి తీగను కలిపి, అన్ని లోహభాగాలూ తెగకుండా కలిసి ఉన్నాయని మీటరుతో చూపించి, పంపుకు, లైటుకు జీఎఫ్‌సీఐ బ్రేకర్లు (కరెంటు దారి తప్పితే వెంటనే ఆపేసేవి) వేశాడు. కొనుగోలు సమయంలో జరిగిన ఇంటి తనిఖీ నివేదికలో ఈ తీగ ప్రస్తావనే లేదు కనుక, కొత్తవాళ్ళు పూల్‌కు విడిగా తనిఖీ చేయించుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఖర్చు: డ్రెయిన్ మూత, కూలి 165 డాలర్లు, ఎలక్ట్రీషియన్ 540 డాలర్లు.
ఇంతవరకు మొత్తం: 705 డాలర్లు.

రెండవ దశ: బకెట్ పరీక్ష

నీరు రోజూ తగ్గుతోంది. టెక్సస్ ఎండలో పావు అంగుళం ఆవిరి కావడం మామూలే కనుక, తగ్గినదంతా లీకు అనుకోకూడదు. ఆవిరిని, లీకును విడదీయడానికే ఈ పరీక్ష.

1. నీటిని తనంతట తాను నింపే వాల్వును పూర్తిగా కట్టెయ్యాలి. ఇది మరిచిపోతే కొలతకు అర్థం లేదు.
2. బకెట్‌లో బరువుకు రాయి వేసి, పూల్ నీటితోనే నింపి, రెండో మెట్టు మీద పెట్టాలి. లోపలి నీరు, బయటి నీరు ఒకే ఎత్తులో ఉండాలి.
3. బకెట్ లోపల, బయట టేపు అంటించి, నీటి మట్టం దగ్గర గీత గీయాలి.
4. పంపు నడుస్తుండగా 24 గంటలు, పంపు ఆపి 24 గంటలు, విడివిడిగా కొలవాలి. వాన పడితే మళ్ళీ మొదలు పెట్టాలి.

స్టీలు స్కేలుతో చూసినప్పుడు వచ్చిన కొలతలు ఇవి. పంపు నడిచినప్పుడు పూల్‌లో 7/8 అంగుళం, బకెట్‌లో 1/4 అంగుళం తగ్గింది. తేడా 5/8, అంటే రోజుకు 175 గ్యాలన్లు. పంపు ఆపినప్పుడు పూల్‌లో 5/8, బకెట్‌లో 1/4. తేడా 3/8, అంటే 105 గ్యాలన్లు.

రెండు అంకెలు వేరుగా రావడమే ఇక్కడ అసలు సమాచారం. పంపు ఆపినా 105 గ్యాలన్లు పోతున్నాయంటే గోడలోనో, స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను పీల్చే గోడ పెట్టె) దగ్గరో, ఏదైనా గొట్టంలోనో చిల్లు ఉంది. పంపు నడిచినప్పుడు మరో 70 గ్యాలన్లు అదనంగా పోతున్నాయంటే, ఒత్తిడి ఉన్న భాగంలో రెండో లీకు ఉంది. ఇదే వారంలో చూడడానికి వచ్చిన ఒక కంపెనీ మనిషి స్కేలు కూడా పెట్టకుండా, నేలలోని గొట్టాలన్నీ పోయాయని, చుట్టూ ఉన్న కాంక్రీటు పగలగొట్టి కొత్తవి వేసి, స్కిమ్మర్ కూడా మార్చాలని 6,400 డాలర్ల కొటేషన్ ఇచ్చాడు. చేతిలో ఈ రెండు అంకెలు ఉండబట్టే దాని మీద సంతకం పెట్టలేదు.

ఖర్చు: బకెట్, టేపు, ఎర్ర రంగు, సిరంజి 12, చుక్కల పద్ధతి నీటి పరీక్ష కిట్ 95.
ఇంతవరకు మొత్తం: 812 డాలర్లు.

మూడవ దశ: 70 గ్యాలన్ల లీకు

మాది ఇసుక ఫిల్టర్. దాని తల మీద నీటి దారి మార్చే పిడి ఉన్న మల్టీపోర్ట్ వాల్వు, పక్కన మురుగు గొట్టానికి గాజు గొట్టం ముక్క ఉంటాయి. పిడి ‘ఫిల్టర్’ దగ్గర ఉన్నప్పుడు ఆ గాజులో నీరు కదలకూడదు. టార్చి వేసి చూస్తే సన్నగా పారుతోంది. వాల్వు లోపలి చక్రం ఆకారపు రబ్బరు గ్యాస్కెట్ లేచిపోతే నీరు ఇలా మురుగులోకి జారుతుంది. పంపు నడుస్తుండగా పిడి తిప్పడం దీనికి ముఖ్యమైన కారణం.

ఇది మనం చేసుకోవలసిన పని. కుదరకపోతే అదే గాజులో వెంటనే కనబడుతుంది, విప్పి మళ్ళీ వేసుకోవచ్చు.

1. పంపు ఆపి, బ్రేకర్ కూడా దించాలి. గాలి వాల్వు తెరిచి ఒత్తిడి ముల్లు సున్నాకు వచ్చేదాకా ఆగాలి.
2. వాల్వు మూతకూ దాని ఒంటికీ కలిపి మార్కరుతో ఒక గీత గీసి, మరలు విప్పాలి. లోపల స్ప్రింగు ఉంటుంది కనుక మూతను చేత్తో అదిమి పట్టుకోవాలి.
3. పాత గ్యాస్కెట్ ఏ వైపు పైకి ఉందో ఫోటో తీసుకుని అప్పుడు ఊడదీయాలి. గాడిలోని పాత జిగురు పూర్తిగా గీకెయ్యాలి.
4. కొత్తది కూర్చి, మూత కింది గుండ్రని రబ్బరు ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు పూసి, మరలను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. వాజలైన్ వాడకూడదు, అది రబ్బరును ఉబ్బిస్తుంది.
5. మళ్ళీ పంపు వేసేటప్పుడు ఫిల్టర్ మీదికి వంగి నిలబడకూడదు. లోపల చిక్కిన గాలి ఒత్తిడికి మూతలు ఎగిరి మనుషులకు తీవ్రమైన గాయాలైన సందర్భాలు ఉన్నాయి. గాలి వాల్వు తెరిచి ఉంచి, దూరం నుంచి స్విచ్ వెయ్యాలి.

గాజులో నీరు ఆగింది. పంపు నడుపుతూ చేసిన పరీక్షలో తేడా 3/8కు దిగింది. లెక్క సరిపోయింది.

ఖర్చు: గ్యాస్కెట్ 24, గ్రీజు 9.
ఇంతవరకు మొత్తం: 845 డాలర్లు.

నాలుగవ దశ: నేలలోని గొట్టాలు

మిగిలిన 105 గ్యాలన్లు గొట్టాల నుంచా, గోడ నుంచా అని తేల్చాలి. గొట్టాలకు రెండు వైపులా బిరడాలు బిగించి ఒత్తిడి ఎక్కించి ముల్లు పడిపోతుందేమో చూడడమే పద్ధతి. బిరడాలు కొనవచ్చు, కంప్రెసరూ దొరుకుతుంది. అయినా నేను చెయ్యలేదు. గాలి నింపిన గొట్టం నుంచి బిరడా జారితే తుపాకి గుండులాగా వస్తుంది. పైగా ముల్లు పడితే అది గొట్టం లీకా, నా బిరడా లీకా అన్నది నాకు తేలదు.

లీకు కనిపెట్టడం మాత్రమే చేసి, మరమ్మతు చెయ్యని మనిషిని వెతికి పిలిచాను. కొత్త ఇంటివాళ్ళకు నేను మరీ మరీ చెప్పదలచింది ఇదే: రోగం చెప్పే మనిషి, మందు అమ్మే మనిషి వేరువేరుగా ఉండాలి. ఆయన ఒక్కో గొట్టాన్నీ 20 పీఎస్‌ఐ ఒత్తిడికి ఎక్కించి పావుగంట చొప్పున ఉంచాడు. ఏ ముల్లూ కదల్లేదు. నేలలోని గొట్టాలన్నీ బాగున్నాయి.

ఖర్చు: 385.
ఇంతవరకు మొత్తం: 1,230 డాలర్లు.

అయిదవ దశ: స్కిమ్మర్ గొంతు

పంపు ఆపేసి నీటిని దానంతట అదే దిగనిచ్చి, ఎక్కడ ఆగుతుందో చూశాను. నీటి మట్టం స్కిమ్మర్ మూతి కింది అంచు దాటాక పూల్, బకెట్ సమానంగా తగ్గడం మొదలైంది. లీకు ఆ మూతి దగ్గరే అని అర్థం. నీరు మళ్ళీ నింపి, కదలకుండా తేరుకున్నాక, ప్లాస్టిక్ స్కిమ్మర్ కాంక్రీటును కలిసే అతుకు దగ్గర సిరంజితో ఎర్ర రంగు ఒక్కో చుక్క వదిలాను. మూడు వైపులా రంగు పొగలాగా నిలిచింది. ఎడమ మూలలో మాత్రం సన్నని దారమై పగులులోకి వెళ్ళిపోయింది.

కారణం నేలలోనే ఉంది. డాలస్ ప్రాంతపు బ్లాక్‌ల్యాండ్ మట్టి మన కర్నూలు, ఆదిలాబాదు నల్లరేగడి జాతిదే. శాస్త్రవేత్తలు రెండింటినీ వర్టిసోల్ అనే ఒకే వర్గంలో చేరుస్తారు. ఎండలకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే ఆ మట్టి గుణం రైతు ఇంట పుట్టినవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ కదలికకు కాంక్రీటు ఒక తీరుగా, ప్లాస్టిక్ ఒక తీరుగా జరిగి అతుకు విడిపోతుంది.

మొదటి అతుకు: నీటిలో కూడా గట్టిపడే రెండు ముద్దల ఎపాక్సీ పుట్టీని కలిపి, నీటి మట్టం 15 అంగుళాలు దించి, పగులు మీద అదిమాను. మర్నాడు బకెట్ పరీక్షలో తేడా సున్నా. కొద్ది రోజులకు మళ్ళీ 1/4 అంగుళం. రంగు వదిలితే పుట్టీ అంచు కిందకే పోతోంది. స్క్రూడ్రైవర్ కొస పెట్టి ఎత్తితే పుట్టీ అంతా ఒకే పట్టీగా ఊడి వచ్చింది. దాని వెనక సుద్దలాగా తెల్లని పొర అంటుకుని ఉంది. పుట్టీ పట్టుకున్నది కాంక్రీటును కాదు, ఏళ్ళ తరబడి పేరుకున్న కాల్షియం పొరను. ఆ పొర ఊడగానే పుట్టీ కూడా ఊడింది.

రెండవ అతుకుకు మార్చినవి:

1. నీటిని మళ్ళీ 15 అంగుళాలు దించి, అతుకును ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాను.
2. గచ్చు చెక్కే ఉక్కు ఉలితో పగులు వెంబడి పావు అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు గాడి చెక్కాను. పుట్టీకి పైన పరుచుకునే చోటు కాక, లోపల కూర్చునే చోటు కావాలి.
3. తీగ బ్రష్షుతో గచ్చు రంగు తేలేదాకా రుద్ది, ప్లాస్టిక్ వైపు గరుకు కాగితంతో గీరాను.
4. రెండు ముద్దల రంగు ఎక్కడా చారలు లేకుండా ఒకటయ్యేదాకా పిసికి, గాడి అడుగు నుంచి బొటనవేలితో కూరాను.
5. డబ్బా మీద రాసిన గంటలకు రెట్టింపు ఆగి, అప్పుడు నీరు పట్టాను.

పరీక్షలో పూల్ 1/4, బకెట్ 1/4. నెల తరువాత చూసినా అంతే. ఇంతకంటే పెద్దగా విడిపోయి ఉంటే స్కిమ్మర్‌నే మార్చవలసి వచ్చేది. అది కాంక్రీటు కోసే పని కనుక నిపుణులదే.

మా వీధిలో ఉండే వరంగల్ మిత్రుడు ఈ దశలో, “అన్నా, ఎలాగూ దించుతున్నావు, మొత్తం తోడేస్తే అడుగు కూడా చూసుకోవచ్చు కదా” అన్నాడు. ఆ పని ఎవరూ చెయ్యవద్దు. వాన తరువాత చుట్టూ మట్టిలో నీరు నిండి ఉంటే, ఖాళీ అయిన పూల్‌ను కింది నీరు పైకి నెడుతుంది. కాంక్రీటు తొట్టి మొత్తం పైకి లేచి పగిలిపోవచ్చు. పూర్తిగా ఖాళీ చేయడం అడుగున కింది నీటి ఒత్తిడిని వదిలే వాల్వు సంగతి, నేల తేమ సంగతి తెలిసినవాళ్ళు చేయవలసిన పని.

నీరు దించడం వల్ల మరో లాభం కలిగింది. పాత యజమాని ఏళ్ళ తరబడి వాడిన క్లోరిన్ బిళ్ళల వల్ల నీటిలో స్టెబిలైజర్, అంటే సైనూరిక్ యాసిడ్, 110 పీపీఎంకు (పది లక్షల పాళ్ళలో 110) చేరింది. అది అంత ఉంటే క్లోరిన్ కట్టుబడిపోతుంది. నీరు పచ్చబడకుండా ఉండాలంటే క్లోరిన్‌ను స్టెబిలైజర్ అంకెలో 7.5 శాతం, అంటే 8 పీపీఎం దాకా నిలపాలి. స్టెబిలైజర్ తగ్గడానికి నీరు మార్చడం తప్ప సులువైన దారి లేదు. 15 అంగుళాలంటే 4,200 గ్యాలన్లు, సరిగ్గా నాలుగో వంతు. రెండుసార్లు మార్చేసరికి 110 కాస్తా 82కు, తరువాత 62కు రావాలి. కిట్‌లో 60 చూపించింది. తోడిన నీటిని వీధి కాలువలోకి వదలకుండా ఇంటి మురుగు గొట్టంలోకే పంపాలి.

ఖర్చు: పుట్టీ రెండుసార్లు 46, ఉలి, బ్రష్షు 21, పెరిగిన నీటి బిల్లు 62.
ఇంతవరకు మొత్తం: 1,359 డాలర్లు.

ఆరవ దశ: అంచు సందు

పూల్ అంచు రాళ్ళకూ చుట్టూ ఉన్న గచ్చుకూ మధ్య అర అంగుళం సందు కావాలనే వదులుతారు. అందులోని రబ్బరు పూత ఎండి చీలితే వాననీరు నేరుగా అంచు కింది మట్టిలోకి దిగి, మట్టి ఉబ్బి స్కిమ్మర్‌ను మళ్ళీ నెడుతుంది. అందుకే స్కిమ్మర్ అతికాక దీన్ని వదిలిపెట్టకూడదు. చుట్టుకొలత 90 అడుగులు. అర అంగుళం వెడల్పు, అర అంగుళం లోతుకు 270 ఘనపుటంగుళాలు. 29 ఔన్సుల గొట్టంలో సుమారు 52 ఘనపుటంగుళాల పూత ఉంటుంది కనుక ఆరు గొట్టాలు కావాలి. సందు కంటే కొంచెం లావైన నురుగు తాడును ముందు కూరి, దాని మీద తనంతట తాను సమంగా పరుచుకునే పూత పోశాను. సందులో సిమెంటు మాత్రం నింపకూడదు. కదలడానికి చోటు పోతే పగులు అంచు రాళ్ళకు వస్తుంది.

ఖర్చు: పూత 84, తాడు 18.
ఇంతవరకు మొత్తం: 1,461 డాలర్లు.

ఏడవ దశ: పంపు

మోటారు కీచుమంటోంది; బేరింగులు అరిగాయి. బేరింగులు, షాఫ్ట్ సీల్ మార్చడం చేతనైనవాళ్ళు చేసుకోవచ్చు. నేను లెక్క చూసి మానుకున్నాను. పాత మోటారు ఒకే వేగంతో సుమారు 1,800 వాట్లు తీసుకుంటూ రోజుకు 8 గంటలు నడిచేది, అంటే 14.4 యూనిట్లు. వేగం సగం చేస్తే నీరు సగమే పారుతుంది గాని కరెంటు సిద్ధాంతం ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వేగం మార్చుకోగల కొత్త పంపు నిమిషానికి 1,725 చుట్ల దగ్గర 260 వాట్లు చూపుతోంది; 16 గంటలు నడిచినా 4.2 యూనిట్లే. యూనిట్ 15 సెంట్ల లెక్కన రోజుకు ఒకటిన్నర డాలరు మిగులు. 2021 జులై నుంచి వచ్చిన ఫెడరల్ నిబంధనల తరువాత, నేలలో కట్టిన పూల్స్‌కు ఎక్కువగా ఇలాంటి పంపులే అమ్ముతున్నారు. బిగింపు మాత్రం నిపుణులతోనే చేయించాను: 230 వోల్టుల తీగలున్నాయి, బాండింగ్ మళ్ళీ కలపాలి, నిపుణుడు బిగిస్తేనే పూర్తి వారంటీ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి.

ఖర్చు: పంపు, బిగింపు 1,640.
ఇంతవరకు మొత్తం: 3,101 డాలర్లు.

ఇంకా మిగిలినవి

ప్లాస్టర్ గరుకుగా ఉంది, మచ్చలున్నాయి. అది ఆగగలదు. సమయం వచ్చినా నేను చేయను; సిమెంటు గట్టిపడేలోపు ముఠా అంతా కలిసి ఒకే ఊపులో మొత్తం పూసి నునుపు చెయ్యాలి, మధ్యలో ఆపి సరిదిద్దుకునే వీలుండదు. లీకు ఆగింది కనుక ఇకపై కాల్షియం మీద కన్ను ఉంచాలి: ఇన్నాళ్ళూ లీకుతోపాటు ఉప్పులు కూడా బయటికి పోయేవి, ఇప్పుడు నీరు ఆవిరై అవి లోపలే మిగులుతాయి. ప్లాస్టర్ పూల్‌కు కాల్షియం 200 నుంచి 400 పీపీఎం మధ్య ఉండాలి, మాది 340. యాసిడ్ పోసేటప్పుడు నీటిలోకి యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీరు కాదు. దాన్ని క్లోరిన్ పక్కన నిల్వ చెయ్యకూడదు. రెండు రకాల క్లోరిన్‌ను ఒకే డబ్బాలో కలపకూడదు.

చలికాలానికి ముందు ఒక పని ఉంది. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో కరెంటు పోయి పంపులు ఆగిపోవడంతో, గడ్డకట్టే చలికి పంపు తనంతట తాను నడిచే ఏర్పాటు ఉన్న ఇళ్ళలో కూడా గొట్టాలు, ఫిల్టర్లు పగిలాయి. కరెంటు పోతే చేయవలసినవి: బ్రేకర్లు దించడం, పంపుకు ఉన్న ప్లగ్గులు, ఫిల్టర్ అడుగు ప్లగ్గు విప్పి నీరు పూర్తిగా వదలడం, గాలి వాల్వు తెరవడం. ఎండగా ఉన్న రోజునే ఒకసారి ఇవన్నీ విప్పి చూసుకుని, ఓ-రింగులకు గ్రీజు పూసి పెట్టాను. విప్పిన ప్లగ్గులను పంపు బుట్టలోనే వేసి ఉంచాలి. మళ్ళీ బిగించకుండా పంపు వేసే ప్రమాదం అప్పుడు ఉండదు.